రక్తమిచ్చి తెచ్చుకున్న డబ్బా

మూడు గిన్నెల స్టీలు టిఫిన్ డబ్బా అది. మూత మీద గుజరాతీ అక్షరాలు చెక్కి ఉంటాయి, రక్తం ఇచ్చినవారికి కానుక అని. మా అక్క ఇప్పుడు దాంట్లో పసుపు, కారం, మెంతులు పోసి పెట్టుకుంది. అక్కకు ఏ భాషా చదవడం రాదు. ఆ మూత మీద ఏముందని ఆమె నన్ను ఎన్నడూ అడగలేదు. అడిగితే చదివి చెప్పగలిగినవాణ్ణి మా గూడెంలో నేనొక్కడినే.

మాది మంచిర్యాల దిక్కు, గోదావరికి దగ్గర్లో అడవి అంచున ఉన్న నాయకపోడు గూడెం. మాలో మొదట సూరత్ పోయినవాడు మా బావ, అంటే మా అక్క భర్త. సూరత్‌లోని ఉధ్నాలో మరమగ్గాల మీద పనిచేసే తెలుగువాళ్ళలో ఎక్కువమంది నేతకులాలవాళ్ళు. వాళ్ళ తాతలు కూడా మగ్గం తొక్కినవాళ్ళే. మొదటి రోజు బావను చూసి, "అడివోనికి మగ్గమేందిరా, విల్లు ఇయ్యుండ్రి" అని నవ్వారట. రెండేళ్ళు తిరిగేసరికి మాస్టర్ ఆయనకు పది మగ్గాలు అప్పజెప్పాడు. పోగు తెగితే చప్పుడు మారుతుందని, చూడకుండానే అది ఏ మగ్గమో చెప్పేవాడు. తర్వాత నన్ను తీసుకుపోయాడు. అప్పటికి నేను ఏడో తరగతి దాటి బడి మానేసి నాలుగేళ్ళయింది.

మా గదిలో పదకొండు మందిమి ఉండేవాళ్ళం. ఒక షిఫ్టువాళ్ళు లేచిన చాపల మీదే రెండో షిఫ్టువాళ్ళు పడుకునేవాళ్ళు. చాప ఎప్పుడూ వెచ్చగానే ఉండేది. సబ్బు ఒకటే, అద్దం ఒకటే, గడ్డం గీసుకునే రేజరు కూడా ఒకటే. బ్లేడు మొద్దుబారినప్పుడు ఎవరి వంతైతే వాళ్ళు కొత్తది తెచ్చేవాళ్ళు.

ఆదివారం పని ఉండేది కాదు. తెలుగువాళ్ళ గుడి వెనక ఒక గదిలో రెండు ఇనుప బీరువాల నిండా పుస్తకాలుండేవి. ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు, రిటైరైనవాళ్ళు ఇచ్చిపోయినవి. ఆదివారం పొద్దున రెండు గంటలు తెరిచేవారు. ఆ రెండు బీరువాలూ నేను పూర్తిగా చదివాను. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు అని రాయబోయాను, కాని గొప్ప కోసమే చెబుతున్నాను. నాకు మిగిలినవాటిలో అదొకటి. హిందీ సినిమా పోస్టర్లు చూసి హిందీ, దుకాణాల బోర్డులు చూసి గుజరాతీ నేర్చుకున్నాను. ఆ తర్వాత బస్సెక్కి నగరంలోని పెద్ద గ్రంథాలయానికి పోయి గుజరాతీ పేపరు చదువుతుంటే, పక్కన కూర్చున్న పెద్దమనిషి నా గోళ్ళలోని మగ్గం నూనె చూసి, నా చేతిలోని పేపరు చూసి, కుర్చీ కొంచెం జరుపుకున్నాడు. నాకు కోపం రాలేదు, సంతోషమే కలిగింది. నేను ఎక్కడి దాకా వచ్చానో ఆ కుర్చీ జరిగిన చప్పుడే చెప్పిందనుకున్నాను.

గుడి వెనక బీరువాలో ఒక వైద్య పుస్తకం ఉండేది. అట్ట ఊడిపోతే ఎవరో ఖాకీ కాగితం వేశారు. మొదటి పేజీలు లేవు. గుండె, ఊపిరితిత్తులు, కాలేయం బొమ్మలతో సహా ఉండేవి. దాన్ని నేను గదికి తెచ్చుకుని మళ్ళీ ఇవ్వలేదు. ఎవరూ అడగలేదు కూడా. గదిలో ఒకసారి అందరికీ గజ్జి పట్టింది. ఒకరికి తగ్గేసరికి ఇంకొకరికి వచ్చేది. పుస్తకం చూసి, పదకొండు మందీ ఒకే రోజు మందు రాసుకోవాలనీ, చాపలు, బట్టలు వేడినీళ్ళలో వేయాలనీ చెప్పాను. వారంలో పోయింది. అప్పటి నుంచి ఒంట్లో ఏం బాగాలేకపోయినా నా దగ్గరికే వచ్చేవాళ్ళు. అందరికంటే బావకే ఎక్కువ మురిపెం.

"మా బామ్మర్ది పుస్తకం ఇప్పిండంటే డాక్టర్ దుకాణం బంద్ వెట్టుకోవాలె" అనేవాడు మెస్సులో అందరికీ వినపడేలా.

అయినా బావ మా గల్లీ చివరి డాక్టర్ దగ్గరికి పోవడం మానలేదు. ఆయనకు ఏ డిగ్రీ ఉందో ఎవరికీ తెలియదు. సూదికి పేరున్నవాడు. నెలకొకసారి, పన్నెండు గంటల షిఫ్టు ఒంటికి ఎక్కి నడుము లేవనప్పుడు, మావాళ్ళంతా పోయి బలానికి ఒక బాటిల్ ఎక్కించుకుని వచ్చేవాళ్ళు. బాటిల్ ఎక్కించుకుంటే మరో నెల మగ్గాల ముందు నిలబడగలం అని నమ్మకం. గోలీలు ఇచ్చే డాక్టర్ డాక్టరే కాదు మా లెక్కలో. ఒకసారి బావకు తోడుపోయాను. ఆ డాక్టర్ ఒకరికి పొడిచిన సూదిని స్టీలు గిన్నెలో గోరువెచ్చటి నీళ్ళలో ముంచి తీసి, బావ చేతికి గుచ్చాడు. సూదిని ఎంతసేపు మరిగించాలో నా పుస్తకంలో ఉంది, నేను చదివాను. కాని ఆ బల్ల ముందు నా నోరు లేవలేదు. నా చదువంతా చదువురానివాళ్ళ ముందే పలికేది.

ఒక ఏడు, ఎవరో సేఠ్ కొడుకు పుట్టినరోజని పర్వత్ పాటియా దగ్గర రక్తదానం పెట్టారు. మా కార్ఖానా నుంచి టెంపోలో తీసుకుపోయారు. రక్తం ఇచ్చినవాళ్ళకు టిఫిన్ డబ్బా. నేను సూదికి భయపడి పోలేదు. బావ డబ్బా కోసమే పోయాడు. పొలానికి పోయేటప్పుడు అక్క అన్నం గుడ్డలో మూట కట్టుకుపోతుందని, ఆమె కోసం. వచ్చి డబ్బా మీద వేలితో కొట్టి చూపించాడు. "మందం సూడు బామ్మర్ది. మీ అక్క మనుమరాండ్ల దాక ఒస్తది."

రెండు వారాలకు రక్తనిధి నుంచి ఎవరో ఆమె ఫోన్ చేసి రమ్మంది. బావ పోయి ఒక కాగితం తెచ్చాడు. సాయంత్రం షిఫ్టు మారే వేళ టీ కొట్టు దగ్గర నా చేతికిచ్చాడు.

"ఏం రాసిండ్రు జర సూడు. ఆమె ఏందేందో చెప్పింది. ఇంక రక్తం ఇయ్యద్దంది. పెద్ద దవఖానకు పొమ్మంది."

ఇంగ్లీషు నాకు ముక్కలు ముక్కలుగా వస్తుంది. హెపటైటిస్ సి అని ఉంది. నేను పరుగున గదికి పోయి పుస్తకం తెచ్చాను. టీ కొట్టు బల్ల మీద తెరిచి, వేలు పెట్టి చదివాను. రక్తం ద్వారా వస్తుంది. ఏళ్ళకేళ్ళు తెలియదు. కాలేయం గట్టిపడుతుంది. ఏడాది పొడవునా ఇంజెక్షన్లు, ఇల్లమ్మినా చాలని ఖరీదు, సగంమందికి పనిచేయవు.

"పోతదా?" అన్నాడు బావ.

"పోదు బావా. ఒచ్చిందంటే ఉంటది."

ఆ మాట అన్నప్పుడు నా గొంతు ఎలా ఉందో నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. అందులో బాధ లేదు. బాధ తర్వాత వచ్చింది. కఠినమైన పేరున్న రోగాన్ని తడుముకోకుండా వివరించగలిగిన తృప్తి ఉంది అందులో.

"మరి దవఖానకు పొమ్మన్నరు గద?"

"పోతే ఇంకో టెస్టు చేస్తరు. ఇంజెక్షన్లు రాస్తరు. మనతోని అయితదా?"

బావ టీ గ్లాసు కింద పెట్టి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. "అయితే మీ అక్కకు చెప్పకు" అన్నాడు. రక్తనిధి ఆమె ఇంకో రెండుసార్లు ఫోన్ చేసింది. మూడోసారి బావ ఆ నంబర్ ఎత్తలేదు.

గదిలో మాత్రం దాగలేదు. రేజరు, బ్లేడు వేరు చేసుకోవాలని నేనే చెప్పాను, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు. ఒకే గిన్నెలో తిన్నా రాదు, ఒకే చాప మీద పడుకున్నా రాదు అని కూడా చెప్పాను. మొదటి మాట విన్నారు, రెండో మాట వినలేదు. మెస్సులో బావకు కంచం ఇవ్వలేదు. మెస్సు నడిపే పెద్దమ్మ మొహమాటపడుతూ, "నీ డబ్బ ఉన్నది గద కొడుకా, అండ్లనే పెడుత" అంది. అక్క కోసం తెచ్చిన డబ్బాలో, రక్తమిచ్చి తెచ్చుకున్న డబ్బాలో, బావ గడప పక్కన కూర్చుని తిన్నాడు. "మంచిగనే ఉన్నది, సేఠ్ కొడుకు పుట్టినరోజు దావత్ దినాం తింటున్న" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

పెద్దమ్మ కూతురు అక్కడే పుట్టి పెరిగింది, కాలేజీలో చదివేది. తెలుగు, హిందీ, గుజరాతీ ఒకే ముద్దలో కలిపి మాట్లాడేది. ఒకరోజు నేను మెస్సులో పుస్తకం తెరిచి అందరికీ కాలేయం బొమ్మ చూపిస్తుంటే పప్పు గరిటె పట్టుకుని నిలబడింది.

"అన్నా, నీ చోప్డీ ఏ సాల్‌ది?"

"ఎందుకు?"

"జూనా అయితే దవా బదల్ అయి ఉంటది గదా. మొబైల్ల ఒక్కసారి దేఖో. రెండు మినిట్లు."

"మొబైల్ల అయితే సచ్చినోడు గూడ లేసి డాన్స్ చేస్తడు" అన్నాను. "పుస్తకానికి వయసు అడుగుతరా? పెండ్లిసంబంధం సూస్తున్నవా దానికి?"

అందరూ పడిపడి నవ్వారు. బావ కూడా నవ్వాడు. ఆ అమ్మాయి మొహం ఎర్రబడింది. "సారీ, పండిత్‌జీ" అని గరిటె పప్పులో వేసి లోపలికి పోయింది. నా ఫోన్ అప్పుడు నా చొక్కా జేబులోనే ఉంది.

ఆ ఎండాకాలం బావ గూడెం పోయాడు. అక్కకు కామెర్లని మాత్రం చెప్పాడు. మా దగ్గర కామెర్లకు మణికట్టు మీద వాత పెడతారు. పసుపుకొమ్ము కాల్చి, మనిషిని ఇద్దరు పట్టుకుంటే, మూడు చోట్ల. ఆ తర్వాత పసరు, ఉప్పులేని పథ్యం. నలభై రోజులు పథ్యం చేసి బావ సూరత్‌కు తిరిగొచ్చాడు. చేతి మీద మూడు నల్లటి మచ్చలు. "కండ్లు తెల్లగైనయి సూడు" అని నా ముందు కళ్ళు పెద్దవి చేసి చూపించాడు. నేను చూసి తల ఊపాను. అసలు ఆ కళ్ళు ఎన్నడూ పచ్చబడలేదు. వాతతో రోగం పోదని నాకు తెలుసు. కాని మందే లేదని చెప్పినవాణ్ణి, వాత వద్దని ఏ మొహంతో చెప్పను?

అలా దాదాపు మూడేళ్ళు గడిచాయి. బావ పది మగ్గాల నుంచి ఆరుకు వచ్చాడు. సాయంత్రానికి కాళ్ళు వాచి చెప్పులు పట్టేవి కావు. చెప్పుల పట్టీలు కోసుకున్నాడు.

ఒక మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. బావ షిఫ్టులో ఉన్నాడు, నేను గదిలో ఉన్నాను.

"తమ్మీ, ఆర్నెల్ల కింద మన గూడెంల దవఖానోళ్ళు ఒచ్చిండ్రు. ఆదివాసుల గూడేలన్నీ తిరుగుతున్నరట. అందరికి వేలుకు గుచ్చి సూసిండ్రు. నాకేం లేదట. మన పక్కింటి ముసలాయనకే ఉన్నదట. మూన్నెల్లు గోలీలు మింగిండు, మల్ల రక్తం గుంజి సూసి, పోయింది తాత అన్నరు."

"ఏం రోగమక్కా?"

"నాకేం ఎర్క. కాలేజం రోగమట. మీ బావకు కామెర్లు ఒచ్చినయి గద, ఆయనకు గూడ సూడుండ్రి అన్న. ఊర్ల లేనోళ్ళను వలస పోయిండ్రని రాసుకున్నరు. ఫోన్ నంబర్ ఇచ్చిన. చేసిండ్రా?"

"లేదు. రోగం పేరు అడుగక్కా ఎవల్నన్న."

అక్క ఫోన్‌ను పక్కనే ఉన్న ఆశా వర్కర్‌కు ఇచ్చింది. ఆమె ముసలాయన కార్డు చూసి చదివింది. హెపటైటిస్ సి.

నేను పుస్తకం తీయలేదు. మొదటిసారి జేబులోంచి ఫోన్ తీసి వెతికాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. గోలీలు. నూటికి తొంభై మందికి పైగా పూర్తిగా పోతుంది. ప్రభుత్వ దవాఖానలో ఉచితం. సూరత్‌లో కూడా, ఎన్నో ఏళ్ళుగా. బావ టీ గ్లాసు కింద పెట్టి కాగితం మడిచిన రోజు కూడా ఆ గోలీలు అక్కడే ఉన్నాయి, మా టీ కొట్టు నుంచి షేర్ ఆటోలో అరగంట దూరంలో.

కార్ఖానాకు పరుగెత్తాను. మగ్గాల హోరులో బావ చెవి దగ్గర నోరు పెట్టి అరిచాను.

"బావా, మందొచ్చిందట! గోలీలే! కొత్తగ ఒచ్చినయట!"

బావ చేతిలోని షటిల్ పక్కన పెట్టి నన్ను చూశాడు. "కొత్తగనా?" అన్నాడు. నేను తల ఊపాను.

దవాఖానలో డాక్టరమ్మ చిన్న వయసామె. బావ జేబులోంచి ఆ పాత కాగితం తీశాడు. నాలుగు మడతల దగ్గర చిరిగిపోయి నాలుగు ముక్కలుగా ఉంది. ఆమె వాటిని బల్ల మీద అతికినట్టు పేర్చి తారీఖు చదివింది. కాళ్ళు నొక్కి చూసింది, పొట్ట మీద వేళ్ళతో కొట్టి చూసింది. తర్వాత హిందీలో అడిగింది.

"తీన్ సాల్? తీన్ సాల్ కహా థే ఆప్? యే దవా తబ్ భీ యహీ థీ. ముఫ్త్ థీ."

మూడేళ్ళు ఎక్కడున్నారు, మందు అప్పుడూ ఇక్కడే ఉచితంగా ఉంది అని. పదిహేనేళ్ళు సూరత్‌లో ఉన్నవాడికి ఆ మాత్రం హిందీకి నా అనువాదం అవసరం లేదు. బావ ఆమె వైపు కాక నా వైపు చూశాడు. నేను గోడ మీద అతికించిన కాగితాన్ని చదువుతున్నట్టు నిలబడ్డాను. దాని మీద కూడా అదే రాసి ఉంది, మూడు భాషల్లో.

ఇంకా పరీక్షలు చేశారు. క్రిమి ఉంది. కాలేయం గట్టిపడిపోయింది, పొట్టలో నీరు మొదలైంది. మామూలుగా మూడు నెలలు, బావకు ఆరు నెలలు మందులు వేయాలన్నారు. క్రిమి పోతుంది, గట్టిపడ్డ కాలేయం మాత్రం మళ్ళీ మెత్తబడుతుందని మాట ఇవ్వలేనని డాక్టరమ్మ చెప్పింది. అదే సూదితో బాటిల్ ఎక్కించుకున్నవాళ్ళందరినీ తీసుకురమ్మంది.

బయట మెట్ల మీద బావ కూర్చుండిపోయాడు. మందుల డబ్బా ఒళ్ళో పెట్టుకున్నాడు.

"కొత్తగ ఒచ్చినయన్నవ్."

నేను ఆయన కింది మెట్టు మీద కూర్చున్నాను.

"గా మెస్సు పిల్ల చెప్పింది గద ఆనాడు. నేను గూడ నవ్విన." మందుల డబ్బా మూత ఒకసారి తెరిచి మూశాడు. "మీ అక్కకు ఇది చెప్పకు. మూడేండ్ల కిందనే ఎర్కని చెప్పకు."

"చెప్త బావా. నేనే చెప్త. తప్పు నాది."

"చెప్పి? నీ మనసు తేలిక చేస్కుంటవా? నేను పోయినంక దానికి పెద్దదిక్కు నువ్వొక్కనివే. నిన్ను గూడ లేకుంట చేస్తవా?"

గది నుంచి పరీక్షకు వచ్చింది ముగ్గురే. మిగతావాళ్ళు షిఫ్టు పోతుందన్నారు. ముగ్గురిలో ఒకడికి ఉంది. వాడు నా ఈడువాడే. మూడు నెలలు రోజుకో గోలీ మింగాడు, పోయింది. ఇప్పుడు ఉధ్నాలోనే పన్నెండు మగ్గాలు చూస్తున్నాడు. సూది గుచ్చిన చేయి అదే, రోగం అదే, గోలీ అదే. ఎదురైతే, "పండిత్‌జీ, నీ దయ" అని నవ్వుతాడు. నేను పక్క గల్లీలోంచి పోవడం అలవాటు చేసుకున్నాను.

బావకు క్రిమి పోయింది. ఆఖరి పరీక్ష కాగితంలో లేదు అని స్పష్టంగా ఉంది. ఆ కాగితం చదివి చెబుతుంటే బావ పొట్ట మీద చేయి వేసుకుని, "మరి ఇండ్ల ఉన్నదేందిర?" అన్నాడు. పది రోజులకొకసారి నీరు తీయించాల్సి వచ్చేది. మగ్గం ముందు నిలబడే శక్తి పోయింది. ఆయన్ను నేనే రైల్లో గూడెం తీసుకుపోయాను, బట్టల సంచీ, మందులు, ఆ స్టీలు డబ్బాతో.

మేం పోయిన నెలకే గూడెంలో సభ పెట్టారు. ఇప్ప చెట్టు కింద షామియానా, నలుగురు అధికారులు. హెపటైటిస్ సి లేని గూడెం అని ఆకుపచ్చ బోర్డు పాతారు. రిజిస్టరులో బావ పేరు ఎదుట వలస అన్న మాట కొట్టేసి, మా కాగితం చూసి, నయమైంది అని రాసుకున్నారు. బావ, పొట్ట బిగుసుకుని చొక్కా గుండీలు పడక, ముందు వరుస కుర్చీలో శాలువా కప్పుకుని కూర్చున్నాడు. రాసుకున్నతను ఒకసారి ఆయన పొట్ట చూశాడు. మళ్ళీ గడిలోకి చూశాడు. ఆ గడిలో పొట్టకు చోటు లేదు.

ఎవరైనా మాట్లాడమంటే మా అక్క లేచింది. నలుగురిలో ఎప్పుడూ నోరెత్తని మనిషి.

"మా తమ్ముడు సదివినోడు" అంది. "సూరత్‌ల పుస్తకాలు సదివి, దవఖానకు తోల్కపోయి, ఆయనకు గోలీలు ఇప్పిచ్చిండు. మా తమ్ముడు లేకుంటే ఈ మనిషి నాకు దక్కకపోవు. మీ పోరగాండ్లను సదివియ్యుండ్రి."

అందరూ చప్పట్లు కొట్టారు. ఒక అధికారి వచ్చి నా చేయి పట్టుకుని ఊపాడు. మీరు కూడా రెండు మాటలు చెప్పండి అని బావ ముందు మైకు పెట్టారు. బావ మైకును కాదు, నన్ను చూశాడు.

"ఔ" అన్నాడు. "మా బామ్మర్దికి అన్ని ఎర్కనే."

మళ్ళీ చప్పట్లు కొట్టారు.

ఆ వానాకాలం దాటలేదు బావ. రక్తం కక్కుకున్నాడు. రోడ్డు తెగి అంబులెన్స్ వాగు అవతల ఆగిపోయింది. గూడెం బోర్డు మాత్రం ఇంకా ఉంది, దాని మీద రాసింది అబద్ధం కూడా కాదు. బావకు ఆ రోగం లేదు.

నేను మళ్ళీ సూరత్ వచ్చాను. ఆ పుస్తకాన్ని గుడి వెనక గదికి తీసుకుపోయి, ఖాకీ అట్ట మీద పెద్ద అక్షరాలతో, పాతది, ఇందులోని మందులు మారాయి, నమ్మవద్దు అని రాసి ఇచ్చాను. అక్కడివాళ్ళు పుస్తకం పాడుచేశానని తిట్టారు. మెస్సు పెద్దమ్మ కూతురు పెళ్ళయి, సూరత్‌లోనే ఆల్థాన్ వైపు వెళ్ళిపోయింది. ఆమెకు చెప్పాల్సిన మాట కూడా ఉండిపోయింది.

పండగలకు గూడెం పోతే అక్క ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ నన్ను చూపించి ఆ మాటే చెబుతుంది. పసుపు తీయడానికి ఆ డబ్బా మూత తెరుస్తూ చెబుతుంది. బావ మాట నిలబెడుతున్నానని నాకు నేను చెప్పుకుంటాను. అందులో కొంత నిజం ఉంది. మిగతాది, ఆ చప్పట్లు నాకు ఇంకా కావాలి.

జరిగింది జరిగినట్టు మొదటిసారి ఇక్కడ రాశాను. అక్కకు చదవడం రాదు. రాస్తున్నంతసేపూ ఆ సంగతి నాకు గుర్తుంది.